సగటు మిరపకాయ రంగేమిటి?

ప్రాక్టికల్ రికార్డుల గురించి మనలో మనకు మాత్రమే తెలిసిన రహస్యం ఒకటి వుంది. మొదటి సంవత్సరంలో మనమందరం లోలకం ఊపి గురుత్వ త్వరణం కట్టినవాళ్ళమే. బ్యాచిలో ఒకడు దారం పొడవు కొలవటంలో పొరపడతాడు. ఇంకొకడు కబుర్లలో పడి ఇరవై ఊగుల్లో ఒకటి మరచిపోతాడు. ఒక స్టాప్ వాచీ నొక్కితే ఆగదు, వదిలేస్తే ఆగుతుంది. అయినా రికార్డులో మాత్రం అందరికీ 980 చిల్లరే! ఇంతటి ఏకాభిప్రాయం మన హాస్టలు మెస్సులో సాంబారు విషయంలో కూడా ఎన్నడూ కుదరలేదు.

ఎలా కుదిరిందో వేరే చెప్పాలా? జవాబు ముందు రాసుకున్నాం, రీడింగులు తర్వాత రాసుకున్నాం. సీనియర్లు మనకు నేర్పారు, మనం జూనియర్లకు నేర్పాం. ఇందులో ఒక తమాషా కూడా వుంది. సెకనుకు సెకనుకు 980.665 సెంటీమీటర్లు అన్నది అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రమాణ విలువ. అసలు విలువ భూమధ్యరేఖ దగ్గర అంతకన్న తక్కువ, ధ్రువాల దగ్గర ఎక్కువ. మన కోస్తాలో, 16 డిగ్రీల అక్షాంశం దగ్గర, సముద్రమట్టాన లెక్క కడితే సుమారు 978.4 వస్తుంది. దారంతో, గుండుతో, స్టాప్ వాచీతో అంత చిన్న తేడా పట్టుకోవటం కష్టమే, కాదనను. కాని నిజంగా శ్రద్ధగా చేసి 978 తెచ్చుకున్న అమాయకుడెవడైనా వుంటే, వాడు కూడా దాన్ని కొట్టేసి 981 చేసి సంతకం పెట్టించుకుని వుంటాడు.

ఇది చిన్న విషయమనీ, పరీక్షల కోసం అందరూ చేసేదేననీ నేనూ అనుకునేవాణ్ణి. ఈ సంవత్సరం చేసిన ప్రాజెక్టు ఆ అభిప్రాయాన్ని మార్చింది. జరిగింది జరిగినట్లు చెప్పి, ఆ తర్వాత నా వాదన చెబుతాను. చదివినవారు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

మాది మిరప వేసే ఇల్లు. మిరపకాయకు ధర కట్టడంలో రంగుదే పెద్ద పాత్ర. గుంటూరు యార్డులో వ్యాపారి టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి ఒక మాట చెబుతాడు. రంగు పోయి తెల్లబారిన కాయ తాలు కింద పోతుంది, దాని ధర వేరు. సంవత్సరం పొడుగునా పడ్డ చాకిరీకి విలువ కట్టేది ఆ గుప్పెడు కాయల మీద ఆ ఒక్క చూపు. ఆ చూపును అంకెల్లోకి దించగలమా అన్నది నా కోరిక. కల్లంలో మట్టినేల మీద ఆరబోసిన కాయ ఎక్కువ ఎరుపా, నీలం పట్టా మీద ఆరబోసిన కాయ ఎక్కువ ఎరుపా? పట్టా మీద దుమ్ము అంటదన్నది అందరూ ఒప్పుకున్నదే. నాకు కావలసింది రంగు సంగతి. ఫోన్ కెమెరాతో ఫోటోలు తీసి, పైథాన్ భాషలో ప్రోగ్రాము రాసి దీన్ని తేలుస్తానని మా గైడు మేడమ్‌కు చెప్పాను. పట్టా కాయే ఎరుపని తేలుతుందని నా మనస్సులో ముందే వుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

కంప్యూటరుకు ఫోటో అంటే అంకెల పట్టిక. నా ఫోన్ తీసే ఫోటోలో అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలు, అంటే కోటీ 20 లక్షల పిక్సెళ్ళు. ఒక్కొక్క పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. ఫోటోలు తీసుకుని హాస్టలుకు వచ్చి, రెండు రోజులు కూర్చుని ప్రోగ్రాము రాశాను. మొదటి ఫలితం చూసి నా రూమ్మేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎర్రటి మిరపకాయల కుప్పలో ఎరుపు అంకె అన్నిటికన్న తక్కువగా వుంది!

కారణం తెలుసుకోవటానికి ఒక పూట పట్టింది. ఫోటోను చదవటానికి నేను వాడిన ఓపెన్ సీవీ అనే సాధనం రంగులను నీలం, ఆకుపచ్చ, ఎరుపు అనే వరసలో ఇస్తుంది. నేనేమో మొదటి అంకె ఎరుపు అనుకున్నాను. అంకెలను వదిలేసి, ఆ ఫోటోనే మరో సాధనంతో తెర మీదకు తెచ్చి వుంటే కాయలన్నీ నీలంగా కనబడేవి, నిమిషంలో తెలిసిపోయేది. బొమ్మల లెక్క చేస్తూ బొమ్మ చూడకపోవటం నా మొదటి తెలివితక్కువ.

రెండోది. వణుకు, మసక తగ్గుతాయని ఒకే చోటి నుంచి మూడేసి ఫోటోలు తీసి, వాటిని కూడి మూడుతో భాగించాను. కాయల మీద ఎండ తళతళలాడే చోట్లన్నీ నల్లబడి కూర్చున్నాయి. ఏమిటా అని చూస్తే, ఆ అంకెలు ఎనిమిది బిట్ల డబ్బాల్లో వున్నాయి. ఆ డబ్బాలో 255 దాటి పట్టదు. దాటితే పాత స్కూటరు మీటరు తిరిగి సున్నాకు వచ్చినట్లు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. 200, 200, 200 కూడితే 600 రావాలి. డబ్బాలో మిగిలింది 88. దాన్ని మూడుతో భాగిస్తే 29. తెల్లటి చోటు నల్లబడక ఏమవుతుంది? ఓపెన్ సీవీ సొంత కూడిక వాడితే ఇలా తిరగదు, 255 దగ్గర ఆగిపోతుంది. అదీ తప్పే, కాకపోతే వేరే రకం తప్పు. అంకెలను ముందు పెద్ద డబ్బాలోకి మార్చి కూడితేనే సరైన జవాబు వస్తుంది. ఈ తప్పులో ప్రోగ్రాము ఎక్కడా ఆగదు, ఎర్ర అక్షరాలతో హెచ్చరికా రాదు. హాయిగా నడిచి తప్పు అంకె చేతిలో పెట్టి పోతుంది.

మూడోది నాకు అన్నిటికన్న ఇష్టమైన తప్పు. మూడు అంకెలు కాకుండా రంగు స్వభావాన్ని ఒకే అంకెతో చెప్పే పద్ధతి వుంది. రంగులన్నిటినీ ఒక చక్రం మీద అమర్చి, ఎరుపు దగ్గర సున్నా పెట్టి కోణం కొలుస్తారు. ఓపెన్ సీవీ ఆ 360 డిగ్రీలను సగం చేసి 0 నుంచి 179 దాకా చెబుతుంది. నా మిరపకాయల సగటు రంగు 90 చిల్లర వచ్చింది. 90 అంటే చక్రంలో 180 డిగ్రీలు. అంటే ఎరుపుకు సరిగ్గా ఎదురుగా వుండే నీలిపచ్చ! మా నాన్న ఆరు నెలలు పెంచి పండించిన కాయలు సగటున నీలిపచ్చ రంగువని నా ప్రోగ్రాము తేల్చింది.

ఆలోచిస్తే దారి దొరికింది. ఎరుపు చక్రంలో సున్నాకు రెండు పక్కలా వుంది. కొన్ని పిక్సెళ్ళు 3, 4 దగ్గర, కొన్ని 176, 177 దగ్గర. అన్నీ ఎరుపే, కాని అంకెలుగా రెండు కొసల్లో వున్నాయి. వాటి సగటు మధ్యలో పడింది. మన హాస్టలులో ఒకడు రాత్రి 11 గంటలకు, ఇంకొకడు తెల్లవారుజామున 1 గంటకు గేటు దూకి వస్తారనుకోండి. 23నీ 1నీ కూడి రెండుతో భాగిస్తే 12. సగటున మధ్యాహ్నం పన్నెండింటికి వస్తున్నారని వార్డెనుకు చెబుతామా? అర్ధరాత్రి అని చెప్పాలి. చక్రం మీద తిరిగే వాటికి ఒక్కొక్క కోణానికీ సైన్, కొసైన్ తీసుకుని, వాటి సగటులు కట్టి, వాటి నుంచి మళ్ళీ కోణం తెచ్చుకోవాలి. ఇంటర్మీడియట్‌లో త్రికోణమితి ఎందుకురా బాబూ అని విసుక్కున్న నాకు అప్పుడు సమాధానం దొరికింది.

ఇంకా చిన్నచిన్నవి వున్నాయి. కాయల మధ్య కనబడే నేలనూ పట్టానూ లెక్కలోంచి తీసేయటానికి ఆ చోట్లను సున్నా చేశాను. ఆ సున్నాలు కూడా సగటులో కలిసి దాన్ని కిందకు లాగాయి. ప్రామాణిక విచలనం నంపై అనే సాధనంతో కడితే ఒకటి, పాండాస్‌తో కడితే మరొకటి వచ్చింది. మనం ఏమీ చెప్పకపోతే మొదటిది మొత్తం సంఖ్యతో భాగిస్తుంది, రెండోది ఒకటి తగ్గించి భాగిస్తుంది. లక్ష విలువలుంటే ఈ తేడా కంటికి కనబడదు. మూడే విలువలుంటే 22 శాతం తేడా వస్తుంది. రెండూ ఒప్పే. ఏది ఎందుకు వాడుతున్నామో తెలియకపోవటమే తప్పు.

ఇలా పది రోజులు పట్టింది. ఒక్కొక్క తప్పూ ఎలా దొరికిందో చూస్తే దారి ఒక్కటే. ముందు బొమ్మ చూడటం. తర్వాత ప్రతి మెట్టు దగ్గర కనిష్ఠం, గరిష్ఠం, అంకె ఏ డబ్బాలో వుందో అచ్చు వేసి చూడటం. అప్పటికీ తెలియకపోతే కోటి పిక్సెళ్ళ ఫోటో పక్కన పెట్టి, నాలుగు పిక్సెళ్ళ బొమ్మ నేనే తయారు చేసుకుని, కాగితం మీద చేత్తో లెక్క కట్టి, ప్రోగ్రాము చెప్పిన దానితో పోల్చటం. చేత్తో జవాబు తెలిసిన లెక్కను తప్పు చేసే ప్రోగ్రాము, జవాబు తెలియని లెక్కను ఒప్పు చేస్తుందని నమ్మటానికి వీల్లేదు కదా! ఈ పద్ధతి మాత్రం మన జూనియర్లు నేర్చుకోదగ్గది.

ఇక అసలు సంగతి. తప్పులన్నీ దిద్దిన తర్వాత ప్రోగ్రాము నడిపితే పట్టా కాయే ఎరుపని వచ్చింది. నేననుకున్నదే! గణాంక పరీక్షలో పి విలువ 0.000 అని పడింది. అసలు తేడాయే లేదనుకుంటే, ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం దాదాపు సున్నా అని దాని అర్థం. ఆ రాత్రి ప్రోగ్రాము వెతకటం ఆపేశాను. గ్రాఫు గీశాను, రికార్డు రాశాను, నిద్రపోయాను.

ఆదివారం ఇంటికి వెళ్ళి ఆ గ్రాఫు చూపించాను. అక్కడే కూర్చున్న పెదనాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, “మనవాడు కంప్యూటరు మీద చూసి చెబుతున్నాడంటే ఇంక అనుమానమెందుకు? ఈసారి కొట్లో అప్పు పెట్టయినా నాలుగు పట్టాలు తెచ్చేస్తా” అన్నాడు. నాకు గర్వంగా వుంది. నాన్న మాత్రం గ్రాఫు పక్కన పెట్టి, ఫోన్‌లో ఫోటోలు చూపించమన్నాడు. నేల మీది కుప్ప ఒకటి, పట్టా మీది కుప్ప ఒకటి. రెండింట్లోనూ కాయలు తిరగేస్తున్న ఆయన చెయ్యి ఒక మూల పడింది. చాలాసేపు అటూ ఇటూ జరిపి చూసి, “ఒరేయ్, పట్టా మీద నా చెయ్యి కూడా ఎర్రబడిందేమిట్రా?” అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఫోన్ కెమెరా మనం చూసినదాన్ని చూసినట్లు దాచదు. బొమ్మ మొత్తం మీద నీలం ఎక్కువగా వుంటే, వెలుగే నీలంగా వుందేమోననుకుని అన్ని రంగులనూ ఎరుపు వైపు కొంచెం జరుపుతుంది. పెళ్ళి ఫోటోలు అందంగా రావటానికి పెట్టిన ఏర్పాటు అది. నా పట్టా నీలం. ప్రోగ్రాముకు చెయ్యి ఒక్కటే ఇచ్చి కొలిపిస్తే, కాయలు ఎంత ఎర్రబడ్డాయో నాన్న చెయ్యి కూడా దాదాపు అంతే ఎర్రబడింది! నేను కొలిచింది మిరపకాయ రంగు కాదు, పట్టా రంగు.

మరి పి విలువ 0.000 సంగతి? అదీ నా తప్పే. ఒక్కొక్క కుప్పకు 20 ఫోటోలు, అంటే 24 కోట్ల పిక్సెళ్ళు. వాటిని 24 కోట్ల వేరు వేరు సాక్ష్యాలుగా లెక్క పెట్టాను. ఒకే కాయ మీద పక్కపక్కనున్న వెయ్యి చుక్కలు వెయ్యి సాక్ష్యాలెలా అవుతాయి? ఒక్క ఇంటాయన చేత లక్షసార్లు ఓటు వేయించి, లక్షమంది ఓటేశారని చెప్పటం లాంటిది. నా దగ్గర నిజంగా వున్నవి రెండే కుప్పలు, నేల మీద ఒకటి, పట్టా మీద ఒకటి. రెండు కుప్పలతో ఏ గణాంక పరీక్షా ఏమీ తేల్చలేదు.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే నాకు సిగ్గనిపించేది తప్పులు చేసినందుకు కాదు. ఫలితం నాకు నచ్చనంతకాలం పది రోజులు తిండీ నిద్రా మాని తప్పులు వెతికాను. నచ్చిన ఫలితం రాగానే ఒక్క నిమిషం కూడా వెతకలేదు. నేను దిద్దినవన్నీ నిజమైన తప్పులే. అయినా ఎక్కడ ఆపాలో నిర్ణయించింది నా కోరిక. లోలకం దగ్గర 980 వచ్చేదాకా రీడింగులు దిద్దిన చెయ్యి, ఇక్కడ పట్టా గెలిచేదాకా ప్రోగ్రాము దిద్దింది. మొదటిదాన్ని మోసమంటాం, రెండోదాన్ని పరిశోధన అంటాం. రెండింటి మధ్య గోడ నేననుకున్నంత మందంగా లేదు.

ఇది నా ఒక్కడి అజ్ఞానమని సర్దుకుందామంటే, పెద్దవాళ్ళ చరిత్ర కూడా ఇలాగే వుంది. పంట తెగుళ్ళను ఆకు ఫోటో చూసి చెప్పే ప్రోగ్రాముల కోసం ప్లాంట్ విలేజ్ అనే సంకలనం వుంది. అందులో 14 పంటల ఆకులు, 54,306 ఫోటోలు. దాని మీద నేర్పిన ప్రోగ్రాము 99.35 శాతం సరిగ్గా చెప్పిందని 2016లో ప్రకటించారు. వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇస్తే అది 31.4 శాతానికి పడిపోయిందని కూడా ఆ పరిశోధకులే నిజాయితీగా రాశారు. 2022లో మరొకరు ఒక చిత్రమైన పరీక్ష పెట్టారు. ఆకు అసలు చూపకుండా, దాని వెనుకనున్న ఖాళీ చోటు నుంచి ఎనిమిదే ఎనిమిది పిక్సెళ్ళు ఇచ్చి తెగులు చెప్పమంటే, ప్రోగ్రాము 49 శాతం సరిగ్గా చెప్పింది. గుడ్డిగా చెబితే 2.6 శాతమే రావాలి. అంటే ఫోటోలు తీసిన తీరులోనే జవాబు దాగి వుంది. నా నీలం పట్టా కథే ఇది, కాకపోతే పెద్ద ఎత్తున.

ఇంకొకటి చచ్చిన చేప కథ. అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్, ఆయన సహచరులు ఒక చచ్చిన సాల్మన్ చేపను మెదడు చిత్రాలు తీసే ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించి, వాళ్ళ మనస్సులో ఏముందో చెప్పమని అడిగారు. చిత్రాన్ని వేలకొలది చిన్న గడులుగా విడగొట్టి, గడికొక పరీక్ష చొప్పున చేసి, అన్నిసార్లు పరీక్షించామన్న సంగతిని లెక్కలోకి తీసుకోకపోతే, చచ్చిన చేప మెదడు కూడా ఆలోచిస్తున్నట్లే చూపింది! 2009లో దీన్ని సభలో ప్రదర్శించారు. 2012లో దీనికి నవ్వించి ఆలోచింపజేసే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. వాళ్ళు చెప్పదలచుకున్నది నవ్వులాట కాదు. బతికున్న మనుషుల మెదళ్ళ మీద అదే లెక్క చేసి వచ్చిన ఫలితాలను ఎవరూ అనుమానించలేదెందుకని అడిగారు. చేప కాబట్టి మనకు అనుమానం వచ్చింది.

దీనికి ఎదురు కథ కూడా చెప్పాలి. అనుకోని అంకె వచ్చినప్పుడల్లా అది తప్పే అయివుండాలని లేదు. అంటార్కిటికా మీద వసంతకాలంలో ఓజోన్ విపరీతంగా తగ్గుతున్నదని ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు 1985 మేలో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. అప్పటికే పైన తిరుగుతున్న నింబస్-7 ఉపగ్రహం కూడా అదే చూస్తున్నది. కాని 180 డాబ్సన్ యూనిట్ల కన్న తక్కువ వచ్చిన రీడింగులు అనుమానాస్పదమని దాని ప్రోగ్రాము గుర్తు పెట్టేది. కంప్యూటరు వాటిని పారేసిందని చాలాచోట్ల కథగా చెబుతారు. నిజానికి పారేయలేదు, గుర్తు పెట్టి దాచి వుంచింది. దాచి వుంచారు కాబట్టే 1986లో ఉపగ్రహం లెక్కలతో ఆ రంధ్రం పటం గీసి ప్రపంచానికి చూపగలిగారు. అనుమానం వస్తే గుర్తు పెట్టు, చెరిపెయ్యకు. నేను ఇందులో నేర్చుకున్నది ఇదే. రబ్బరుతో చెరిపేసిన మన లోలకం రీడింగులు ఎవరికి పనికొస్తాయి?

గణాంకశాస్త్రంలో మనవాళ్ళ పేరు చెప్పమంటే ముందు సి. ఆర్. రావు గారి పేరే చెబుతాం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ప్రపంచమంతా గౌరవించే స్థాయికి ఎదిగి, 2023లో 102 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. లెక్కలోకి దిగేముందు డేటాను కోర్టులో సాక్షిని ప్రశ్నించినట్లు ప్రశ్నించాలన్నది ఆయన రాతల్లో కనబడే బోధ. దానికి నా చిన్న అనుభవంతో ఒక్క మాట చేరుస్తాను. మనకు అనుకూలంగా చెప్పే సాక్షినే ముందు ప్రశ్నించాలి. ప్రతికూలంగా చెప్పేవాణ్ణి ఎలాగూ వదలం!

ఇప్పుడు ప్రోగ్రాము రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు అందరి ఫోన్లలోనూ వున్నాయి. వాటిని వాడవద్దని నేననను, నేనూ వాడాను. ఎనిమిది బిట్ల డబ్బా సంగతి నాకు తొందరగా చెప్పింది అదే. కాని అది మా కల్లం చూడలేదు, పట్టా నీలమని దానికి తెలియదు. పైగా “పట్టా కాయ ఎరుపు రావాలి, రావటం లేదు, దిద్దు” అని అడిగితే వచ్చేదాకా దిద్దిపెడుతుంది. కింద నుంచి పైకి లెక్క చేయటానికి మనకు ఇంతకుముందు సీనియరు కావలసివచ్చేది. ఇప్పుడు ఆ కష్టం కూడా తప్పింది. ఇది సంతోషించవలసిన సంగతి కాదు.

నా వాదన మీద ఒక ఆక్షేపణ వుంది. మా క్లాసులోనే కొందరు అన్నారు: “ప్రాక్టికల్ మూడు గంటలు. అది పరికరం పట్టుకోవటం నేర్పటానికేగాని కొత్త సత్యాలు కనిపెట్టటానికి కాదు. జవాబు రాకపోతే మార్కులు పోతాయి, మార్కులు పోతే పీజీ సీటు పోతుంది. రైతుబిడ్డవు, నీకు తెలియదా ఆ బాధ?” తెలుసు. మార్కులు అక్కర్లేదనేంత ఆస్తి మాకూ లేదు. లెక్చరర్లకు కూడా ఒక్కొక్క బ్యాచిలో ముప్ఫై రికార్డులు దిద్దవలసిన భారం వుంది. అందుకే ఎవరినీ నిందించటం లేదు. నిజం చెప్పినవాడికి మార్కు తగ్గి, జవాబు అతికించినవాడికి మార్కు పెరిగే పద్ధతిని మాత్రం తప్పు పడుతున్నాను. పద్ధతి మార్చటం పెద్ద పని కూడా కాదు.

ప్రతి రికార్డులో, ప్రతి ప్రయోగం చివర, ఒక్క పేజీ ‘కుదరని రీడింగులు’ అని వుంచాలి. రావలసింది ఏమిటి, వచ్చింది ఏమిటి, ఎందుకని నా అనుమానం, దాన్ని ఎలా పరీక్షించాను అని విద్యార్థి అక్కడ రాయాలి. పదిలో రెండు మార్కులు ఆ పేజీకి పెట్టమని మన లెక్చరర్లను వినయంగా కోరుతున్నాను. జవాబు సరిగ్గా వచ్చినవాడు కూడా, అది సరిగ్గా ఎందుకు వచ్చిందని నమ్ముతున్నాడో ఆ పేజీలోనే రాయాలి. ఇక విద్యార్థి సంఘానికి ఒక మనవి. వచ్చే సంవత్సరం సైన్సు ఎగ్జిబిషన్‌లో ఫలితం రాని ప్రాజెక్టులకు కూడా ఒక గది ఇవ్వండి. పూర్వ విద్యార్థులు వచ్చి తమ పొరపాట్లు రెండు చెబితే, సన్మానసభలో చెప్పే విజయగాథలు పది విన్నదానికన్న మాకు ఎక్కువ లాభం.

నా ప్రాజెక్టు ఏమయిందని అడుగుతారేమో. మళ్ళీ కల్లానికి వెళ్ళి, రెండు కుప్పల నుంచీ గుప్పెళ్ళు తెచ్చి, ఒకే గోనెపట్టా మీద, ఒకే నీడలో, పక్కన తెల్లకాగితం పెట్టి, కెమెరాలో రంగు దిద్దే ఏర్పాటును ఆపి ఫోటోలు తీశాను. ఏ గుప్పెడు ఏ కుప్పదో నాకు తెలియకుండా చీటీలు అమ్మ దగ్గర వుంచాను. లెక్క తేలాక చీటీలు విప్పితే, చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనబడలేదు. వున్నది ఒక్కొక్క రకానికి ఒక్కొక్క కుప్పే కాబట్టి, తేడా అసలు లేదని కూడా చెప్పలేను. రికార్డులో అదే రాశాను. మొదటి గ్రాఫునూ చింపకుండా, పక్కన ‘నీలం పట్టా వల్ల వచ్చిన తప్పు’ అని రాసి అంటించాను. మేడమ్ చదివి, “వైవాలో నీ ఫలితం ఏమిటని అడిగితే ఏం చెబుతావు?” అన్నారు. “తేల్చలేకపోయాననీ, ఎందుకు తేలలేదో తెలుసుకున్నాననీ చెబుతానండీ” అన్నాను. ఆవిడ సంతకం పెట్టారు. మార్కులు ఎన్ని వచ్చాయన్నది ఇక్కడ అనవసరం.

పెదనాన్నకు మాత్రం ఫోన్‌లో చెప్పటానికి మనస్సొప్పక, మరుసటి వారం ఊరికి వెళ్ళి చెప్పాను. రంగు పెరుగుతుందన్న మాట నా తప్పు లెక్కనీ, దుమ్ము పడకుండా వుండటానికి కొనుక్కుంటే కొనుక్కోమనీ, రంగు కోసమని మాత్రం అప్పు చెయ్యవద్దనీ అన్నాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, “అయితే కంప్యూటరు కూడా పొరపడుతుందన్నమాట!” అన్నాడు.

“కంప్యూటరు కాదు పెదనాన్నా, నేను” అన్నాను.

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి